వెనకబెంచీ మాస్టారి చివరి స్లైడు

లోకంలో పంతుళ్ళందరూ క్లాసులో ముందు నిలబడి పాఠం చెబుతారు. ఈయన మాత్రం అందరికన్నా వెనక, గోడకి ఆనించిన చివరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చుని చెప్పేవారు. కొత్తగా చేరిన పిల్లలు ముందున్న ఖాళీ కుర్చీ చూసి, మాస్టారు ఇంకా రాలేదనుకుని, గది పైకప్పు లేచిపోయేలా కబుర్లాడుకునేవారు. కాసేపయ్యాక వెనకనించి ఒక సన్నని గొంతు, "మీ కబుర్లయ్యాక నాకో మాట చెప్పండి నాయనా, మొదలుపెడదాం" అనేది. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు! అలా ఆయనకి వెనకబెంచీ మాస్టారని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేదేమో గానీ, ఆ పేరుతో పిలిచిన నాథుడు లేడు.

ఆ శిక్షణ కాలేజీలో ఆయన నేర్పేది ఒకే ఒక్క విద్య. నలుగురి ముందూ నిలబడి ఏదైనా చెప్పేటప్పుడు వెనక తెర మీద వేసే స్లైడ్లు ఎలా తయారుచేయాలీ అన్నది. నర్సింగు పిల్లలూ, మోటార్ల మరమ్మతు నేర్చుకునే పిల్లలూ, గుమాస్తా పనికి తయారయ్యేవాళ్ళూ, అందరూ ఏదో ఒక టర్ములో ఆయన గది గడప తొక్కాల్సిందే. వచ్చిన కొత్తలో వాళ్ళు చేసే స్లైడ్ల గురించి కాలేజీలో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఒకడు అక్షరాలు ఎంత చిన్నవి పెట్టాడంటే, గోడ మీద పోతున్న చీమలు చుట్టాలనుకుని తెర మీదకి ఎక్కేశాయట. ఇంకో అమ్మాయి స్లైడులో మాటలు ఒక్కొక్కటే గిరగిరా తిరుగుతూ దూసుకొస్తుంటే, రెండో వరసలో ఉన్న కుర్రాడు తగులుతుందేమోనని తల వంచేశాడట. ఇవి మాస్టారే పుట్టించి వదిలిన కథలని కొందరి అనుమానం. ఆయన్ని అడిగితే, "చీమల సంగతి నిజమే. రెండిటిని నేనే దింపాను" అనేవారు, నవ్వకుండా.

పరీక్ష మాత్రం అబద్ధం కాదు. పిల్లలు ఒక్కొక్కరే ముందుకెళ్ళి స్లైడ్లు చూపించాలి. ఆయన వెనకనించి చూస్తారు. కనిపించకపోతే చెయ్యెత్తుతారు. అంతే. తిట్టరు, అరవరు. ఆ చెయ్యి పైకి లేచిందంటే అక్షరాలు పెంచాలి, లేదా మాటలు తగ్గించాలి, లేదా తెల్లటి తెర మీద పసుప్పచ్చ రాతలు రాసిన పాపానికి చెంపలేసుకోవాలి.

ఒకసారి మోటార్ల కుర్రాడొకడు తెర వైపు తిరిగి, అక్కడున్నదంతా గడగడా చదవడం మొదలుపెట్టాడు.

"ఏం బాబూ, మాకు చెబుతున్నావా, తెరకి అప్పజెబుతున్నావా?" అన్నారు మాస్టారు.

"చెబుతున్నాను సార్."

"అక్కడున్నది చదువుకోవడం మాకూ వచ్చుగా! అదే నువ్వూ చదివితే మీ ఇద్దరిలో ఒకళ్ళు ఇంటికెళ్ళిపోవచ్చు. ఎవరు వెళతారో తేల్చుకోండి."

"తెర వెళ్ళలేదు సార్, మేకు కొట్టేశారు" అన్నాడు వాడు. క్లాసంతా గొల్లుమంది.

"అయితే నువ్వుండాలంటే దాన్లో సగం చెరిపెయ్" అన్నారు మాస్టారు. "స్లైడులో మనిషికి చోటుంచాలి నాయనా. బొమ్మ సగమే చెప్పాలి. మిగతా సగం నీ నోట్లోంచి రావాలి. అప్పుడే జనం తెరనీ చూస్తారు, నిన్నూ చూస్తారు."

ఇది ఆయన పెద్ద సూత్రం. దానికి తోడు ఒక వింత సూత్రం ఉండేది. చివరి స్లైడు మీద 'ధన్యవాదాలు' అని వేయకూడదు. ఊరంతా వేస్తారు, దేశమంతా వేస్తారు. ఈయన క్లాసులో వేస్తే మాత్రం మళ్ళీ మొదటినించీ చేసుకురావాలి. ఎందుకు సార్ అనడిగితే, "ఆ మాట నోటితో చెప్పుకోవచ్చు. అది తెర మీద పడిందంటే ఎదుటివాడు లేచి వెళ్ళిపోతాడు" అనేవారు. అని, కిటికీలోంచి బయటికి చూసేవారు. కిటికీకి అవతల వరండా, వరండాకి అవతల లైబ్రరీ.

పిల్లలకి తెలియనిది ఏమిటంటే, ఈ మనిషికి నలుగురి ముందూ నిలబడి రెండు మాటలు చెప్పడం ఈ జన్మలో చేతకాలేదు. బెంచీలో కూర్చుంటే వెటకారం ఏరులై పారేది. ఎదురుగా ఒక మొహం నిలబడితే చాలు, నాలుక కాస్తా అంగిట్లో అతుక్కుపోయేది. కుర్రతనంలో ఆయన సినిమా హాల్లో స్లైడ్లు రాసే పని చేశారు. గాజు పలకల మీద రంగుల సిరాతో, 'దయచేసి నిశ్శబ్దంగా ఉండండి' అనీ, 'మీ గొడుగు మరిచిపోకండి' అనీ రాసి, విరామంలో పైనున్న యంత్రం గదిలోంచి తెర మీదకి వేసేవారు. అక్కడినించి కనిపించేవి జనం తలకాయల వెనకభాగాలే. బట్టతలలూ, జడలూ, ముడులూ. ఒక హాలెడు మనుషుల చేత గొడుగులు వెతికించినవాడు, వాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఆ అలవాటే కాలేజీ దాకా వచ్చింది. వెనక కూర్చోవడం, వెలుగు ముందుకి వేయడం, తను చీకట్లో ఉండిపోవడం.

ఇంటి దగ్గరా అదే తంతు. తాళాలు బాగుచేసే దుకాణం పైన ఒక గది, ఒక వంటిల్లు, కారే కుళాయి ఒకటి. గదిలో మంచానికి ఎదురుగా ఉన్న గోడకి తెల్ల సున్నం వేయించి, దాని మీద ఒక్క మేకైనా కొట్టకుండా, పాత ప్రొజెక్టరుతో రేపటి పాఠాలు వేసి చూసుకునేవారు. ఇంటి యజమానురాలు కిందే ఉండేది. ఆవిడని పిన్నిగారూ అనేవారు. కుళాయి బాగుచేయించమని ఆవిడకి చెప్పాలి. మెట్ల దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. చివరికి ఒక సాయంత్రం ఆవిడని పైకి పిలిచి, కుర్చీ వేసి, దీపం ఆర్పేసి, గోడ మీద మూడు స్లైడ్లు వేశారు. మొదటిది కుళాయి. రెండోది దాని కింద నిండిన బకెట్టు. మూడోది రెంచీ పట్టుకున్న చెయ్యి.

దీపం వెలిగాక ఆవిడ కాసేపు నోరు తెరుచుకుని కూర్చుంది. "కుళాయి కారుతోంది పిన్నిగారూ అని మెట్ల మీంచి ఒక కేకేస్తే పోయేదానికి, ఇంత బయోస్కోపు ఎందుకయ్యా?"

ఆయన తల గోక్కున్నారు.

"బాగుందిలే గానీ, మళ్ళీ వెయ్యి. మా పిల్లలనీ తీసుకొస్తా" అంది ఆవిడ. పిల్లలొచ్చారు, పక్కింటివాళ్ళూ వచ్చారు, ఆట రెండుసార్లు పడింది. కుళాయి బాగుపడింది. ఆ వాడలో అందరూ దాన్ని చెప్పుకుని నవ్వుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక ఆయన కుర్చీలు సర్ది, ఖాళీ గోడకి ఎదురుగా ఒక్కరే కూర్చున్నారు. ఆ గదిలోకి అంతమంది రావడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక లైబ్రరీ మేడమ్ సంగతి.

ఆవిడ కూడా ఆయన చేరిన రోజుల్లోనే కాలేజీలో చేరింది. కొన చెక్కిన పెన్సిలు ఒకటి ఎప్పుడూ ముడిలో గుచ్చుకుని ఉండేది. పుస్తకం మీద రాయాల్సి వస్తే టక్కున లాగేది, రాసి మళ్ళీ గుచ్చేసేది. చదువుకునే హాల్లో మాస్టారు వెనక బల్ల దగ్గర కూర్చుని, ఆ పెన్సిలు పైకి రావడం, లోపలికి పోవడం చూస్తూ ఉండేవారు. ఆవిడది చురుకైన నాలుక. "మాస్టారూ, ఈ పుస్తకం తీసుకెళ్ళి చాలా కాలమైంది. మీ ఇంట్లో దానికి పెళ్ళిగానీ చేసేశారా?" అనేది. ఆయన నవ్వేవారు. జవాబు మెట్లు దిగాక తట్టేది. ఒక్కోసారి ఇంటికెళ్ళాక తట్టేది.

ఎన్నాళ్ళిలా అని ఆయనకే అనిపించింది. ఆ రోజుల్లో స్లైడ్లు కంప్యూటర్లో కాదు, ఫిల్ము ముక్కలకి చట్రాలు బిగించి, గుండ్రటి చక్రంలో వరసగా పెట్టి, బొత్తాం నొక్కితే ఒక్కొక్కటే తిరిగి పడేవి. మాస్టారు కొన్ని ఫొటోలు తీశారు. లైబ్రరీ కిటికీ పక్కన ఒక కుర్చీ. తర్వాత రెండు కుర్చీలు. చిలక్కొయ్యకి ఒక గొడుగు. తర్వాత రెండు గొడుగులు. బల్ల మీద ఒక టీ కప్పు. తర్వాత రెండు కప్పులు. ఆ రెండు కప్పుల బొమ్మ దగ్గర ఆపేసి, అసలు మాట నోటితో అడగాలని ఆయన పథకం. స్లైడులో మనిషికి చోటుంచాలి కదా!

"కొత్త పాఠం కట్టాను. అక్షర దోషాలేమైనా ఉన్నాయేమో చూసిపెడతారా?" అని ఆవిడని సభలు జరిగే హాల్లో ముందు వరసలో కూర్చోబెట్టి, తను వెనకనించి చక్రం తిప్పారు. కుర్చీలయ్యాయి. గొడుగులయ్యాయి. రెండు కప్పులూ పడ్డాయి. ఆవిడ కదలకుండా చూస్తోంది. ముడిలో పెన్సిలు కూడా కదల్లేదు. ఇప్పుడు మాట్లాడాలి. నోరు తెరిచారు. మాట గొంతులో ఎముకలా అడ్డం పడింది. ఆ కంగారులో, రోజూ చేసే పనేగా, వేలు దానంతటదే బొత్తాం నొక్కేసింది.

అప్పట్లో ఆ చక్రం చివరి గాడిలో ఎప్పుడూ ఒకే స్లైడు ఉండేది. ప్రతి పాఠానికీ పనికొస్తుందని ఆయన దాన్ని తీసేవారే కాదు. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో, చుట్టూ తీగల ముగ్గుతో, 'ధన్యవాదాలు' అని పడింది.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లిగా చప్పట్లు కొట్టింది. లేచి, "అక్షర దోషాలు లేవు మాస్టారూ" అని చెప్పి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు యంత్రం ఆపి, వైరు చుట్టుకుంటూ కూర్చున్నారు. ఇక ఆ తర్వాత ఏముంది? కుళాయిలు మారాయి, యంత్రాలు మారాయి, చక్రం పోయి కంప్యూటరు వచ్చింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, ఆయనా చేసుకోలేదు. ఆవిడ మామూలుగానే పలకరించేది, ఆయన మామూలుగానే మెట్లు దిగాక జవాబులు వెతుక్కునేవారు. తీసుకెళ్ళిన ప్రతి పుస్తకమూ తిరిగిచ్చారు. ఆ ఒక్క మాటే మిగిలిపోయింది.

ఇలా ఉండగా లైబ్రరీ మేడమ్ ఉద్యోగం విరమిస్తోందనీ, సామాను సర్దుకుని దూరాన ఉన్న చెల్లెలి ఊరికి వెళ్ళిపోతోందనీ కబురు తెలిసింది. ప్రిన్సిపాల్ మాస్టారిని పిలిచి, "వీడ్కోలు సభకి స్లైడ్లు మీరే చెయ్యాలి. మేడమ్ గురించి మీకన్నా ఎవరికి తెలుసు?" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. మాస్టారికి మాత్రం గుండెలో ఎవరో బొత్తాం నొక్కినట్టయింది.

ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. ఆవిడ బండెక్కే లోపు, వెళ్ళొద్దు, ఉండిపొమ్మని అడగాలి. ఈసారి నోటితో అడగాలి.

సభలో మాటలు చెప్పడానికి నర్సింగు క్లాసులోంచి ఒక పిల్లని పట్టుకున్నారు. ఆ పిల్లని అందరూ వాగుడుకాయ అనేవారు. రోగికి ఇంజక్షను ఇచ్చేలోపు వాడి ఇంట్లో ఎవరెవరికి ఏమేం జబ్బులున్నాయో అన్నీ రాబట్టేయగల ఘటం. ఆ పిల్లకి స్లైడ్లన్నీ వేసి చూపించారు. మేడమ్ సర్దిన పుస్తకాల బీరువాలు, చినిగిన పుస్తకాలకి ఆవిడ వేసిన అట్టలు, ముడిలో పెన్సిలు, చివరగా చదువుకునే హాలు బల్ల మీద రెండు టీ కప్పులు.

"ఇదేంటి సార్, కప్పుల కింద ఏం రాయలేదు?"

"రాయకూడదు. అది పడగానే నువ్వు పక్కకి తప్పుకో. నేను మాట్లాడతాను."

వాగుడుకాయ నోట మాట రాలేదు. అది ఆ పిల్ల చరిత్రలోనే మొదటిసారి. "మీరా? లేచి నిలబడా?"

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

"కాళ్ళ సంగతి కాదు సార్..." అని ఆగి, ఆయన మొహం చూసి, ఎందుకో ఇంకేం అనలేదు. "సరే సార్. నేను తప్పుకుంటా" అంది.

ఇక్కడ ఆఫీసు గుమాస్తా గురించి చెప్పుకోవాలి. ఆయన ఎవరినైనా బావా అనే పిలుస్తాడు, ఊళ్ళో అందరి చెల్లెళ్ళనీ తనే చేసుకున్నట్టు. కాలేజీలో ఏ సభ జరిగినా స్లైడ్లు ముందు ఆఫీసుకి వెళ్ళాలి, అక్కడ కాలేజీ ముద్ర పడాలి. సభలో యంత్రం తిప్పే హక్కు కూడా గుమాస్తాదే. వీడ్కోలు రోజు పొద్దున్నే మాస్టారు స్లైడ్లు ఇచ్చి, "వీటిలో ఏదీ మార్చకండి" అన్నారు.

"అయ్యో బావా, ముద్ర ఒకటి వేస్తా. మీ పనికి వంక పెట్టేవాణ్ణా నేను?" అన్నాడు గుమాస్తా. అన్నట్టే దేన్నీ మార్చలేదు. చివర చూసుకుంటే ధన్యవాదాలు లేదు. పాపం పెద్దాయన మరిచిపోయాడనుకున్నాడు. ఇంత మంచి సభకి అది వెలితిగా ఉంటుందని, కంప్యూటరులో దొరికిన పెద్ద పూలగుత్తితో ఒక స్లైడు తనే అతికించాడు. దానికి సన్నాయి సంగీతం కూడా పెట్టాడు. తోటివాడికి సాయం చేశానన్న తృప్తితో రెండు టీలు తాగాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. మేడమ్ ముందు వరసలో మధ్య కుర్చీలో, నీలం రంగు చీరలో. మాస్టారికి వెనకనించి ముడి, ముడిలో పెన్సిలు కనిపిస్తున్నాయి. సభ రోజు కూడా తీయలేదు ఆవిడ. ముడిలో నలుపు పోయి తెలుపు వచ్చింది, పెన్సిలు మాత్రం అలాగే ఉంది. వాగుడుకాయ తెగ నవ్వించింది. "మేడమ్ దగ్గర పుస్తకం ఆలస్యం చేయడం కన్నా మా సిస్టరమ్మ దగ్గర థర్మామీటరు పగలగొట్టడం నయం" అంటే హాలంతా ఊగిపోయింది. ఆ నవ్వుల మధ్య మాస్టారు ఒక్కరే చివరి బెంచీలో చేతులు నలుపుకుంటున్నారు. ఎన్నో తరాల పిల్లలకి ఆయన చెప్పింది, మాట్లాడే ముందు గుండె నిండా గాలి తీసుకోమని. తీసుకుంటున్నారు. గాలి లోపలికి వెళుతోంది, మాట బయటికి రావడం లేదు.

రెండు కప్పులు పడ్డాయి.

వాగుడుకాయ పక్కకి తప్పుకుంది. హాలు సద్దుమణిగింది. మాస్టారు లేచారు. బెంచీ కిర్రుమంది. ఆ చప్పుడుకో, మరెందుకో, మేడమ్ తల వెనక్కి తిప్పి చూసింది. జీవితమంతా తలల వెనకభాగాలు చూసిన మనిషికి, అంత పెద్ద హాల్లో ఒక్క మొహం తన వైపు తిరిగి కనిపించింది.

ఎంతసేపు అలా నిలబడ్డారో! యంత్రం దగ్గర గుమాస్తాకి చెమటలు పట్టాయి. పెద్దాయన మాట మరిచిపోయాడు, పరువు కాపాడాలి అనుకున్నాడు. నొక్కేశాడు.

పూలగుత్తి. ధన్యవాదాలు. సన్నాయి. హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్ బహుమతి గోడగడియారం పట్టుకుని లేచేశారు. వెనక వరసల పిల్లలు టీల వైపు కదిలారు. ఒక్క మేడమ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కుర్చీలోంచి కదల్లేదు. వెనక్కి తిరిగే ఉంది.

"ఆ పూలగుత్తి తీసెయ్యండి!"

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారి దగ్గర అంత గొంతుందని మాస్టారికే తెలియదు.

"తీసేస్తే ఏముంటుంది బావా, అయిపోయిందిగా?" అన్నాడు గుమాస్తా.

"అవలేదు!"

బెంచీల మధ్యలోంచి విసవిసా నడిచొచ్చి, ఆయనే ప్లగ్గు పీకేశారు. సన్నాయి మధ్యలో తెగిపోయింది. తెర తెల్లగా మిగిలింది. అందరూ చూస్తున్నారు. ఆయన ఆవిడ వైపు చూశారు.

"మీరు... మీరు ఇక్కడే ఉండిపోతే బాగుంటుందండీ" అన్నారు.

ఆ వెంటనే ప్రిన్సిపాల్, "ఎంత చక్కగా చెప్పారు! అదే మా అందరి మనసులో మాట!" అన్నారు. దాంతో హాలు దద్దరిల్లింది. "ఉండిపోండి మేడమ్!" అని పిల్లలు అరిచారు. గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ గొంతులో దాచుకున్న ఒక్క మాట, బయటికి రాగానే నలుగురూ పంచేసుకున్నారు. అది ఎవరిదో, ఎవరికోసమో తెలియకుండా పోయింది. మాస్టారు ఊడిన ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. వాగుడుకాయ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా, ఆయన్నీ మేడమ్‌నీ మార్చి మార్చి చూసింది. మరునాడు కూడా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ పిల్లకి అదెంత కష్టమో ఊహించుకోండి.

టీలయ్యాక మేడమ్ తాళాలు అప్పజెప్పడానికి లైబ్రరీకి వెళ్ళింది. కిటికీలు ఒక్కొక్కటే మూస్తుంటే మాస్టారు గుమ్మంలోకి వచ్చి ఆగారు.

"రండి మాస్టారూ. పుస్తకమేమైనా బాకీ ఉన్నారా?"

"లేదండీ."

"అయితే ఇందాకటిది ఏమిటి? ఉండిపోతే బాగుంటుందని అభిప్రాయం చెప్పారా, ఉంటారా అని అడిగారా?"

"అడిగాను."

ఆవిడ కిటికీ గడియ పెట్టి ఇటు తిరిగింది. "అప్పుడూ ఆ సభ హాలే. అక్షర దోషాలు చూడమన్నారు. అందులో అక్షరాలేవీ? కుర్చీలూ, గొడుగులూ, కప్పులూ. నాకు అర్థం కాలేదనుకున్నారా?"

మాస్టారు గుమ్మం పట్టుకున్నారు.

"ధన్యవాదాలు అని పడింది. ఇది మనిషి వేసిందా, యంత్రం వేసిందా అనుకున్నాను. మనిషైతే వెనకాలే వస్తాడుగా అని, వరండాలో ఆ స్తంభం దగ్గర నిలబడ్డాను. ఒక్క మాట మీ నోట విందామని. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉన్నారు. వైరు చుట్టుకుంటున్నారు. అంత శ్రద్ధగా వైరు చుట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు."

"మీరు వెళ్ళిపోయారనుకున్నాను."

"తలుపు తీసి చూస్తే తెలిసేది" అంది ఆవిడ. కోపంగా అనలేదు. పుస్తకం ఎక్కడుందో చెప్పినట్టు అంది.

గుమ్మం వదిలి ఆయన అడిగారు. "ఇప్పుడు ఉంటారా?"

ఈసారి మాట తడబడలేదు. సూటిగా, నిండుగా వచ్చింది. ఆవిడ పెదవి మీద చిన్న నవ్వు కదిలింది.

"బాగా అడిగారు మాస్టారూ. కానీ ఉండలేను. మా చెల్లెలికి చూపు దాదాపు పోయింది. వస్తానని మాటిచ్చాను. రోజూ పేపరు చదివి వినిపించాలి, వీధిలో ఎవరు పోతున్నారో చెప్పాలి. అది నాకోసం కుర్చీ వేసుకుని కూర్చుంది."

ఆయన తలూపారు. ఆవిడ తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, ముడిలోంచి పెన్సిలు లాగి, ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాం. చెయ్యండి. ఒక్క షరతు. బొమ్మలు పంపొద్దు. ఆ ఇంట్లో బొమ్మలు ఎవరికీ పనికిరావు. మాట్లాడాలి."

ఆవిడ వెళ్ళిపోయింది. పెన్సిలు మళ్ళీ ముడిలోకి పోయింది. వరండా చివరిదాకా అది కనిపించింది. మాస్టారు ఈసారి వరండాలో నిలబడి చూశారు. వైరు ఎవరు చుట్టారో ఆయనకి తెలియదు.

లైబ్రరీలోకి కొత్తగా ఒక కుర్రాయన వచ్చాడు. పుస్తకం ఆలస్యమైతే నోరెత్తడు, కంప్యూటరే కబురు పంపిస్తుంది. మాస్టారి క్లాసులో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు స్లైడ్లు చూపించే ముందు పిల్లలు ప్రొజెక్టరు ఆపేసి, ఖాళీ తెర ముందు నిలబడి, చెప్పదలుచుకున్నది ఒకే ఒక్క వాక్యంలో నోటితో చెప్పాలి. అది వచ్చాకే బొమ్మ. "వాక్యం రాకపోతే సార్?" అంటే, "వచ్చేదాకా నిలబడు. మేమెక్కడికీ పోం" అంటారు.

మొదటి ఆదివారం వచ్చింది. మధ్యాహ్నపు ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చి ఆగింది. కింద దుకాణం మూసి ఉంది. ఆయన ఏం మాట్లాడాలో ముందే ఏర్పాటు చేసుకున్నారు. గోడ మీద నాలుగు స్లైడ్లు. కాలేజీ. వాన. కొత్త కుర్రాయన. మీ ఆరోగ్యం. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి యంత్రం ఆపేశారు. గోడ ఉత్త గోడైంది.

చీటీ చూసి నంబరు నొక్కారు. ఫోన్ మోగింది అవతల. "చెప్పండి" అంది ఆవిడ గొంతు.

ఆయన నోరు తెరిచారు. నాలుగు స్లైడ్లూ ఎగిరిపోయాయి. గదిలో ఉన్న నిశ్శబ్దమంతా ఫోన్లోకి వెళ్ళిపోతున్నట్టుంది. అవతల ఆవిడ తొందరపెట్టలేదు. ఫోన్ పెట్టేయలేదు కూడా. వరండాలో నిలబడ్డ మనిషి ఎలా ఎదురుచూస్తుందో, అలా ఎదురుచూసింది.

వంటింట్లో టప్, టప్‌మని చప్పుడు.

"ఏమిటది?" అంది ఆవిడ.

"కుళాయండీ. మళ్ళీ కారుతోంది."

"పిన్నిగారికి చెప్పారా?"

"ఇంకా లేదు."

"ఎలా చెబుతారేమిటి?" ఆ గొంతులో నవ్వుంది. కుళాయి ఆట సంగతి కాలేజీ దాకా ఎప్పుడో పాకింది.

"మెట్ల మీంచి కేకేస్తాను."

వెనకనించి ఇంకో గొంతు వినిపించింది. "ఎవరే అక్కా?"

"మాస్టారేనే. వాళ్ళింట్లో కుళాయి కారుతోందట." మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. "చెల్లెలు అడుగుతోంది, ఎలా కారుతోందీ అని. సన్నగానా, బొట్లుబొట్లుగానా?"

మాస్టారు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు. స్టూలు లాక్కుని, కుళాయి ఎదురుగా కూర్చున్నారు.

"బొట్లుబొట్లుగానే" అన్నారు. "ముందు అంచు దగ్గర చిన్న పూసలా పుడుతుంది. కాసేపు ఊగుతుంది. పడాలా వద్దా అని ఆలోచిస్తుంది..."

"ఊఁ" అన్నారు అవతల ఇద్దరూ.